జపాన్ అక్షరాలకు తలకట్టు

జమున ఎడమచేత్తో కాగితాన్ని బల్లకు అదిమి, కుడిచేత్తో మొదటి అక్షరానికి అడ్డగీత గీసింది. ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణం మీదున్న ఆ జపనీస్ క్లాసులో ఈరోజు నలభై ఆరు అక్షరాలూ చూడకుండా రాయాలి. తప్పితే, ముసలివాళ్ల సేవకు జపాన్ వెళ్లే బ్యాచ్‌లో ఆమె సీటు ఇంకొకరికి పోతుంది. పదేళ్లు నాంపల్లి దవాఖానలో రోగుల నరాలు వెతికి సూదులు గుచ్చిన నర్సు ఆమె. నెల రోజులుగా బస్సులో అరచేతి మీద వేలితో రాసుకునేది. పక్కవాళ్లు చూస్తే గుప్పిట మూసేసేది. భయమేస్తే ఆమె చెయ్యి ఆగదు, చిన్నప్పుడు పలక మీద తెలుగు నేర్చిన దారినే పరుగెడుతుంది.

నళిని మేడం వెనకనుంచి వంగి చూసింది. "ఏందమ్మా, గుండ్రంగ ఉన్నయన్నిటికి తలకట్టు పెట్టినవ్? జపానోళ్లు అడిగిన్రా?"

నిజమే. ఏడు అక్షరాల నెత్తిన తెలుగు తలకట్టు.

"పెన్నుతోని రాసిన మేడం, తుడుస్తే పోదు. నా సీటు పోయినట్టేనా?" అంటూ జమున కాగితాన్ని అరచేత్తో కప్పింది.

"ఇంక పావుగంట ఉంది. ఫికర్ చేస్తే తెలుగే వస్తది. గీత అయిపోంగనే పెన్ను లేపు, గంతే."

కొత్త కాగితం మీద ఒక్కో అక్షరం కాగానే జమున పెన్ను గాలిలోకి ఎత్తి, చెయ్యి ఆగిందని నమ్మకం కుదిరాకే రెండోది మొదలుపెట్టింది. గంట కొడుతుండగా ఆఖరిది గీసి, లేచి నిలబడి కాగితం అందించింది.

మేడం వరసల వెంట కళ్లు పరిగెత్తించింది. "ఔ, గివి జపానోళ్లవే," అంటూ పాసైనవాళ్ల కట్టలో పెట్టుకుంది.