మిల్లు గోడ మీద అవ్వ బొమ్మ

ఆ ఏడు కాలేజీలన్నీ మూతపడ్డాయి. ప్రత్యేక తెలంగాణ కోసం పట్నంలో ఊరేగింపులు జరుగుతుంటే, నేను హాస్టల్ ఖాళీ చేసి మొయినాబాద్‌లోని ఇంటికి వచ్చేశాను. బస్సులు నడిస్తే నడిచినట్టు, లేకుంటే లేదు. మా ఊరి పోరగాళ్లు చేవెళ్ల రోడ్డు పక్కనున్న మిల్లు గోడ మీద ఎర్రమట్టి జాజుతో నినాదాలు రాశారు. పెద్దవాళ్లు చూసి, ఉత్త రాతలే ఎందుకు, మన ఊరి మనిషి బొమ్మ కూడా ఒకటి వేయించండి అన్నారు. ఎవరి బొమ్మ వేయాలో వాడవాడా కూర్చుని చెప్పాలని అనుకున్నారు.

బోరింగు దగ్గర బిందె ముందుకు జరిపితేనే కొట్లాడుకునే వాడలు మావి. అట్లాంటిది చర్చి వాడా, మసీదు వెనక వాడా, పెద్దబజారూ అన్నీ మా అవ్వ పేరే చెప్పాయి. అవ్వ మంత్రసాని. ఆ చెప్పినవాళ్లలో సగం మందిని భూమ్మీదకి తెచ్చింది ఆవిడే. అందరికంటే గట్టిగా చెప్పింది మా ఎదురింటి పెద్దమ్మ. అప్పటికి ఆమె కోడలికి నెలలు నిండుతున్నాయి.

బొమ్మ వేసింది మా ఊరి పెయింటరన్న. దుకాణాల బోర్డులు రాస్తాడు, పోయినవాళ్ల ఫోటోలు చూసి పటాలు గీస్తాడు. బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయడం అతనికి అదే మొదలు. అవ్వ ఆదివారం కట్టే తెల్లచీర కట్టుకుని, మిల్లు ముందర స్టూలు మీద కదలకుండా కూర్చుంది. బొమ్మ అచ్చం అవ్వే. చివర్లో ఇంకా ఏదో తక్కువైందనిపించి, అలవాటు కొద్దీ మెడలో బంతిపూల దండ కూడా వేసేశాడు. మాకూ తట్టలేదు. దండతో ఇంకా కళ వచ్చిందని మురిసిపోయాం.

మర్నాడే కనకమామిడి నుంచి చుట్టాలు ఏడ్చుకుంటూ వచ్చారు. బస్సులోంచి గోడను చూశారట. తలుపు తీసింది అవ్వే.

"అయ్యో, ఎవరు పోయిండ్రే?" అంటూ తనూ ఏడవడానికి తయారైంది.

ఆ రోజంతా నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు. కాన్పులకు అవ్వను పిలవడం మానేశారు. దండ పడ్డ మనిషి చేతికి పసిగుడ్డును ఎట్లా ఇస్తామని గుసగుసలు. అజీజ్‌నగర్ నుంచి బండి కట్టుకుని వచ్చినాయన మిల్లు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాడట. ఎదురింటి పెద్దమ్మయితే కోడల్ని పట్నం దవాఖానకు తీసుకుపోతానని మా అరుగు ముందే నిలబడి ఎవరితోనో చెప్పింది. నాకు ఒళ్లు మండింది. నెత్తిన పెట్టుకున్నదీ వీళ్లే, పక్కకు నెట్టిందీ వీళ్లే. అవ్వ మాత్రం కాన్పుకు తీసుకెళ్లే పాత చీర ముక్కలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి, మళ్లీ ఉతికేది. అది చూడలేక నేను పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని.

సంగతి తెలిసి పెయింటరన్న సున్నం బకెట్టుతో వచ్చాడు. తల ఎత్తలేకపోతున్నాడు.

"తప్పయింది అవ్వా. మొత్తం తుడిచేస్త."

"నన్నెందుకు తుడుస్తవ్‌రా? నేనేమన్న సచ్చిన్నా?" అవ్వ గొంతు పెంచడం అప్పుడే విన్నాను. "నా చేతులెయ్యి. చేతులల్ల ఒక పిల్లనెయ్యి. దండ దానెనక్కి పోతది."

అట్లాగే వేశాడు. బంతిపూలు ఉన్నచోట, అప్పుడే పుట్టి గుక్కపట్టి ఏడుస్తున్న ఎర్రటి పసిగుడ్డు వచ్చింది. ఊరంతా వచ్చి చూసిపోయింది. అవ్వ కోసం మాత్రం ఎవరూ రాలేదు.

బస్సులు లేని ఒక పొద్దున, రొట్టెలు కాలుస్తున్న వేళ ఎదురింటి పెద్దమ్మ గడప దాకా వచ్చి ఆగింది. ముఖం చెమటతో తడిసిపోయింది.

"అత్తా, కోడలికి నొప్పులస్తున్నయ్. ఇప్పుడు దండ లేదు గద... జర వస్తవా?"

పొమ్మంటుందేమోనని నేను ఆశగా చూశాను. అవ్వ అప్పటికే గుడ్డల మూట చంకన పెట్టుకుని చెప్పులు వేసుకుంటున్నది.

"దండ ఉన్ననాడు పిలిచినా వచ్చేదాన్ని గద బిడ్డా," అని ఆమెకంటే ముందు నడిచింది.