కామాక్షయ్య తీసిన ఇంజను ఫోటో

ముత్తుకూరు వైపు వెళ్లి కామాక్షయ్య ఇల్లెక్కడ అంటే ఏ కామాక్షయ్య అని అడుగుతారు. రైలు కామాక్షయ్య అంటే మాత్రం పసిపిల్లలు కూడా వేలు చూపిస్తారు. రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లు రిపేరు చెయ్యడం అతని బతుకుతెరువు. రైలు అతని పిచ్చి. మోటారు విప్పి నట్లన్నీ గట్టు మీద పరిచి ఉన్నా సరే, బొగ్గు రైలు కూత వినపడితే స్పానర్ పారేసి పరిగెత్తుతాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, పాడైన రేకులు, పీవీసీ గొట్టాలతో ఇంజను బొమ్మలు చేసి ఇంటి నిండా పెట్టాడు. దేవుడి పటాల పక్కన కూడా ఒకటి పెట్టబోతే భార్య రేవతి చీపురు తిరగేసింది.

ఈ పిచ్చిలో అతనికి ఒక జోడు దొరికాడు. పేరు క్రీస్తురాజు, గ్యాంగుమన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర ఒక రేకు పెట్టె నిండా పాత ఫోటోలుండేవి. ఆవిరి ఇంజన్లు, రెక్క పైకీ కిందికీ ఆడే సిగ్నళ్లు, ఇప్పుడు లేని స్టేషన్లు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఇద్దరూ వాటిని ముందేసుకుని కూర్చుంటే అన్నం సంగతి కూడా గుర్తుండేది కాదు. ఇంజను ఏ రకం, ఏ షెడ్డుది అని పందేలు వేసుకునేవారు. ఆ ఫోటోల్లో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనుషులెవరని మాత్రం ఒక్కనాడూ ఒక్కరూ అడగలేదు. రైలు పిచ్చోళ్ల చూపు అంతే, ఇంజను దగ్గర మొదలై ఇంజను దగ్గరే ఆగిపోతుంది.

మొన్న రెండో పంటగా వేసిన ఎడగారు వరి పొట్ట మీదున్న రోజుల్లో, కొత్త రంగు వేసిన జంట ఇంజన్లు పోర్టు నుంచి బొగ్గు లాక్కొస్తున్నాయని వాళ్ల రైలు మిత్రుల గ్రూపులో వార్త వచ్చింది. కామాక్షయ్య రైలు కట్ట పక్కన ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. కట్టకు ఇటువైపు పొలం గట్టు మీద నలుగురు కర్రలతో నేలను బాదుతున్నారు. పామును కొడుతున్నారనుకున్నాడు. ఒక కేక కూడా వినపడింది, కానీ అంతలో రైలు వచ్చేసింది. ఇంజను నంబరు సరిగ్గా పడాలి కదా మరి. ఫోటో తీసి, డ్రైవరుకు చెయ్యి ఊపి, అక్కడే నిలబడి గ్రూపులో పెట్టేశాడు. అందరూ శభాష్ అన్నారు.

మర్నాడు పట్టాల మీద హజరత్తయ్య శవం దొరికింది. హజరత్తయ్య చిన్న రైతు. రొయ్యల గుంటల ఆసామి మాలకొండయ్య ఉప్పునీళ్లు పంటకాలవలోకి వదులుతుంటే తూముకు అడ్డంగా పడుకుని గొడవ చేసిన మనిషి. పైరు మాడిపోయిన దిగులుతో రైలు కింద పడ్డాడని మాలకొండయ్య మనుషులు చెప్పారు, ఊరు నమ్మింది. నమ్మితే ఎవరికీ ఏ బాధా లేదు కదా. కామాక్షయ్య కూడా నమ్మాడు. మాలకొండయ్య గుంటల పనితోనే అతని ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

సిగ్నల్ స్తంభం చూద్దామని ఫోటోను పెద్దది చేసిన క్రీస్తురాజు, చెమటలు కక్కుతూ వచ్చి ఫోన్ అతని ముఖం ముందు పెట్టాడు. గట్టు మీద పాము లేదు. హజరత్తయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. తల పగిలి ముఖం సగం ఎర్రగా ఉంది. ఒకడు అతని మెడ తొక్కి పెట్టాడు. గడ్డపార ఎత్తినవాడు మాలకొండయ్య, అందులో అనుమానం లేదు. పడ్డ మనిషి ఒక చెయ్యి పైకెత్తాడు, ఫోటో తీస్తున్నవాడి వైపు. చంపి, తర్వాత వచ్చిన రైలు కింద పడేశారన్నమాట. కామాక్షయ్య వాకిట్లోనే కక్కుకున్నాడు.

పోలీసులకు ఇద్దామన్నాడు క్రీస్తురాజు. మనకెందుకని చేతులు పట్టుకుని బతిమాలాడు కామాక్షయ్య. గ్రూపులో పడ్డ ఫోటో ఒకచోట ఆగుతుందా? మాలకొండయ్యకూ చేరింది.

మిట్టమధ్యాహ్నం వచ్చారు. తలుపు తీస్తుండగానే ఒకడు కామాక్షయ్య కడుపులో తన్నాడు. అడ్డం వచ్చిన రేవతిని జుట్టు పట్టి గోడకేసి కొట్టారు. గొడ్డలి తిరగేసి ఇంజను బొమ్మలన్నీ నుగ్గు చేశారు. మాలకొండయ్య మంచం మీద కూర్చుని, ఫోన్లో ఫోటో తీసేయించి, నెమ్మదిగా చెప్పాడు.

“తిన్నింటి వాసాలు లెక్కబెడతా ఉండావా? ఎవురడిగినా ఆ బొమ్మ కంప్యూటర్లో అతికించిందని జెప్పు. లేకుంటే నీకూ ఒక రైలు జూస్తా.”

చెప్పి, కామాక్షయ్య కుడిచెయ్యి గడప మీద పెట్టించి, అతని పనిముట్ల పెట్టెలోని సుత్తితోనే వేళ్లు చితగ్గొట్టాడు. రెండో దెబ్బకే ఎముక బయటికొచ్చింది. అలాగే చెబుతానని కామాక్షయ్య ఒప్పుకున్నాడు. ఎవరైనా ఒప్పుకుంటారు. ఒడ్డున కూర్చుని నీతులు చెప్పేవాళ్లు ఒకసారి ఆ సుత్తి కింద వేలు పెట్టి చూడాలి.

నెల్లూరు పెద్దాసుపత్రిలో చేతికి కట్టు కట్టారు. ఈలోగా క్రీస్తురాజు తన దగ్గరున్న ఫోటోను పోలీసులకు ఇచ్చేశాడు. అది అతికించిన బొమ్మ అని అవతలివాళ్లు అప్పుడే ఊరంతా చాటారు. తీసినవాడు వచ్చి నాదేనంటే తప్ప కేసు నిలవదని, సాయంత్రం స్టేషనుకు రమ్మని ఎస్సై కబురు చేశాడు. అవునంటే మాలకొండయ్య చంపుతాడు. కాదంటే హజరత్తయ్య చావు ఆత్మహత్యగానే మిగిలిపోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కామాక్షయ్య కాదనడానికే సిద్ధపడ్డాడు. రేవతి కూడా అదే మాట అంది, ఆమె నుదుటి మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

అప్పుడు వచ్చింది హజరత్తయ్య పెళ్లాం వెంకటశేషమ్మ. మంచం పక్కన నిలబడి, క్రీస్తురాజు తీయించి ఇచ్చిన ఫోటో కాపీని అతని ఒళ్లో పెట్టింది. ఇంజనును చూడలేదామె. మొగుడి చేతి మీద వేలు ఆనించింది.

“ఈ చెయ్యి ఎవురికెత్తినాడన్నా మా ఆయన?”

తెలియదనొచ్చు. అనాలనే నోరు తెరిచాడు.

“నాకేనమ్మా. నన్నే పిలిచినాడు. నేను డ్రైవరుకి చెయ్యి ఊపతా నిలబడుండా.”

వెంకటశేషమ్మ చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. పిడికిలితో ముఖం మీద, రొమ్ము మీద, కట్టు కట్టిన చేతి మీద, నర్సు వచ్చి వెనక్కి లాగేదాకా కొట్టింది. అతని పెదవి చిట్లి రక్తం చొక్కా మీదికి కారింది. కామాక్షయ్య చెయ్యి అడ్డం పెట్టలేదు, రేవతి కూడా లేచి రాలేదు. రొప్పుతూ ఆమె ఒక్క మాటంది.

“నాకు జెప్పి ఏం జేస్తావు? పొయ్యి ఆడ జెప్పు.”

స్టేషను ముందు మాలకొండయ్య మనుషులిద్దరు బండి మీద కూర్చుని ఉన్నారు. ఒకడు కామాక్షయ్యను చూసి, కట్టు లేని రెండో చేతి వైపు వేలు చూపించి నవ్వాడు. భయానికి కామాక్షయ్య ప్యాంటు తడిసింది. సిగ్గుపడే ఓపిక కూడా లేదతనికి. తడిసిన ప్యాంటుతోనే మెట్లెక్కాడు.

ఎస్సై ఫోటో ముందు పెట్టి ఇది నువ్వు తీసిందేనా అన్నాడు. తానే తీశానని, అతికించింది కాదని చెప్పాడు. గడ్డపార పట్టుకున్నదెవరని అడిగాడు ఎస్సై. కామాక్షయ్య ఏదో గొణిగాడు. వినపడలేదు, గట్టిగా చెప్పమన్నాడు ఎస్సై.

“మాలకొండయ్య సార్. ఆయన మనుషులు బయటే ఉండారు, వాళ్లకీ ఇనబడనీండి. మాలకొండయ్యే.”

కిటికీ అవతల బండి స్టార్టయింది. రాసుకున్నదంతా ఎస్సై చదివి వినిపించాక, కామాక్షయ్య ఎడమచేతి బొటనవేలు ముద్ర వేశాడు.