అత్త చేతికి కరగని గడ్డ

మా అత్త బాలింతలకు నీళ్ళు పోసేది. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చేసిన ఊళ్ళవాళ్ళకు గాజువాక వెనక ఇళ్ళ స్థలాలిచ్చారు. ఆ కాలనీలో మా నాలుగు వీధులకూ ఆవిడే దిక్కు. పెరట్లో తడిక చాటున పీట వేసుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేది. పసిదాన్ని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి ఆముదం రాస్తుంటే అది ఏడవడం మర్చిపోయి గుర్రుపెట్టేది. తల్లి వంతు వచ్చేసరికి మాత్రం ఏడుపులే. నీళ్ళు అంత వేడిగా ఉండాలి ఆవిడకు. కాలిపోతున్నానత్తా అని ఎవరైనా అంటే, కనేటప్పుడు లేని సుకుమారం ఇప్పుడెక్కడిదే అని ఇంకో చెంబు గుమ్మరించేది. డబ్బు ముట్టేది కాదు. రవికెల గుడ్డా తాంబూలమూ ఇస్తే చాలు.

అసలు పేరు వచ్చింది పాలగడ్డల వల్ల. కొత్త తల్లికి పాలు కట్టి రొమ్ము రాయిలా అయిపోయి జ్వరం వస్తే ముందు మా అత్తకు కబురొచ్చేది. వేడి గుడ్డతో కాపడం పెట్టి, ఆముదం రాసి, మూడు వేళ్ళతో పైనుంచి కిందికి తీసేది. అంతే, పాలు ధారకట్టేవి. మంచి హస్తవాసి అనేవారు. ఉక్కునగరంలో క్వార్టర్లు కట్టడం మొదలయ్యాక అక్కడి ఆడవాళ్ళు కూడా బస్సెక్కి వచ్చేవారు. అయితే ఆవిడకో లెక్క ఉండేది. మూడు రోజులు చూస్తుంది. మూడో రోజుకు కరక్కపోతే నాలుగో రోజు ఆసుపత్రికి పొమ్మంటుంది. బతిమాలినా ఇంకో రోజు చెయ్యి వేసేది కాదు. ఆ లెక్క ఎందుకో మాకెవరికీ తెలియదు, ఎవరమూ అడగలేదు.

ఇక నా సంగతి. ఆవిడ నాకు సొంత మేనత్త, మా నాన్నకు అక్క. నాకు ఏడాదిన్నరప్పుడు మా అమ్మ పోయింది. పచ్చకామెర్లని చెప్పారు. అత్తే నన్ను చంకనేసుకుని తన ఇంటికి తెచ్చుకుని పెంచింది, పెద్దయ్యాక తన కొడుక్కే చేసుకుంది. తల్లీ అత్తా ఒక్కరే అయితే కోడలికి భయం ఎక్కణ్ణుంచి వస్తుంది? నాకు నోరెక్కువ. కూరలో ఉప్పు తగ్గితే కంచం తోసేసే కోడల్ని కాలనీ మొత్తం మీద నేనొక్కదాన్నే. మా ఆయన పోర్టులో క్రేను నడిపేవాడు. ఇనుప ఖనిజం ధూళితో చొక్కా ఎర్రగా చేసుకుని వచ్చేవాడు, తినేవాడు, పడుకునేవాడు. ఆయన నెలకు మాట్లాడేది నేను పూటకు మాట్లాడేదాన్ని.

ఎనభైల మొదట్లో మాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే కాబట్టి పురుడూ అక్కడే. పిల్లకు మూడో నెల నడుస్తుండగా ఒక ఉదయం అత్త నాకు నూనె రాస్తూ రాస్తూ ఆగిపోయింది. ఎడమ రొమ్ము మీద, చంక వైపు. చింతపిక్కంత గడ్డ ఉంది. నేనూ తడిమి చూసుకున్నాను. పాలగడ్డేలే అనుకుని, నీళ్ళు చల్లారిపోతున్నాయని అత్త మీదే కసురుకున్నాను.

ఆ రోజు కాపడం పెట్టింది. మర్నాడు రెండు పూటలా పెట్టింది. మూడో రోజు ఆవిడ వేళ్ళు ఆ చింతపిక్క చుట్టూ ఎంతసేపు తిరిగాయో, చివరకు నాకే విసుగొచ్చి లేవబోయాను. భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

"నొప్పుందేటే?" అని అడిగింది.

"నేదత్తా. నొప్పే నేకపోతే నీకెందుకు బెంగ?" అన్నాను.

ఆవిడ మొహం చూసి ఉంటే ఆ మాట అనేదాన్ని కాదేమో. చెంబు పక్కన పెట్టేసి, రేపు పెద్దాసుపత్రికి వెళ్తున్నాం అంది.

నేను వెళ్ళనన్నాను. ఆ సాయంత్రం మా గుమ్మంలో చేరిన ఆడవాళ్ళంతా నా వైపే. పాలిచ్చే తల్లికి గడ్డ కట్టడం వింతా? నొప్పి లేదంటే ఇంకా మంచిదే కదా? పొయ్యి మీద వెల్లుల్లి కాల్చి రాయమని ఒకామె, పిల్లకు అటువైపే ఎక్కువ పట్టమని ఒకామె. అత్తకు వయసైపోయి చేతిలో చలవ పోయిందని ఇంకొకామె మెల్లగా అంది. నన్ను చెప్పుచ్చుకు కొట్టాలి, ఆ మాటే పట్టుకెళ్ళి అత్త మొహానే అన్నాను. ఆవిడ బియ్యం ఏరుతూ ఉంది, ఏరుతూనే ఉంది.

నాలుగో రోజు పొద్దున్నే నేను లేచేసరికి అత్త మంచి చీర కట్టుకుని, పిల్ల గుడ్డలు సంచిలో సర్దుకుని గడపలో కూర్చుని ఉంది. నేను మంచం దిగలేదు. చింతపిక్క కోసం మగ డాక్టరు ముందు రవికె విప్పనని తెగేసి చెప్పాను. ఆవిడ లేచి వచ్చి తలుపు దగ్గరగా వేసి నా కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"మీయమ్మకి పచ్చకామెర్లని సెప్పేం గదా. ఆకర్ని కళ్ళు పచ్చబడ్డాయి గానీ, ముందొచ్చింది గెడ్డే. నువ్వు పాలు తాగతన్న గుంటవి. నానే సూసినాను. పాలగెడ్డనీసి నాలుగు నెల్లు కాపడం పెట్టినాను. నొప్పి నేదొదినా అనీది. నొప్పి నేకపోతే మంచిదే గదేటి అన్నాను. మీ నాన్న ఆసుపత్రికి తీసికెల్తానంటే, నా సెయ్యి సాలదేటని నానే ఆపీసినాను. పుండు పడ్డాక తీసికెల్లేం. అప్పటికేటుంది, అయిపోయింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. జాలి రాలేదు, భయం కూడా ముందు రాలేదు, కోపమే వచ్చింది. ఇరవై ఏళ్ళు పైన నా జడ వేసిన చేతులవి.

"అయితే మాయమ్మని సంపింది నువ్వే," అన్నాను.

"అవును. నిన్ను మాత్రం సంపను. లెగు," అంది.

లేచాను. ప్రేమతో లేవలేదు, ఆవిడ మీద కసితో లేచాను. గాజువాక నుంచి బస్సులో ఆసుపత్రి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. పిల్లను ఆవిడే ఒళ్ళో పెట్టుకుంది. పాలకోసం ఏడ్చినప్పుడు మాత్రం నా ఒళ్ళోకి అందించి, నేను తాగించాక మళ్ళీ తీసుకుంది.

ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత వెళ్తే పెద్ద డాక్టరు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆ రోజుల్లో డాక్టర్లు మాలాంటి వాళ్ళని కూర్చోమనేవారు కాదు, అక్కడే నాకు అర్థమైపోయింది. రొమ్ము క్యాన్సర్. ఎన్నాళ్ళ బట్టి ఉందని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అత్త చెప్పింది, చేతికి తగిలి ఈ రోజుకు పదకొండు రోజులని, మొదటి మూడు రోజులూ తానే కాపడం పెట్టానని, అది తన తప్పని. డాక్టరు కళ్ళజోడు తీసి ఆవిడ వంక చూశాడు. పాలిచ్చే తల్లుల్లో ఈ గడ్డను అందరూ పాలగడ్డే అనుకుంటారనీ, చదువుకున్న వాళ్ళు కూడా నెలలు గడిపేసి పుండైపోయాక తెస్తారనీ, ఇంత చిన్నగా ఉన్నప్పుడు తెచ్చినవాళ్ళను తన సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చనీ చెప్పాడు. రొమ్ము తీసేయాలి, చంకలో బిళ్ళలూ తీసేయాలి, తర్వాత కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవాలి. అత్త అన్నిటికీ తలూపింది. బతుకుతుందా అని మాత్రం అడగలేదు. బస్సులో తిరిగొస్తూ, ఎందుకడగలేదని నేనే అడిగాను. వారం రోజుల తర్వాత నేను ఆవిడతో మాట్లాడిన మొదటి మాట అది. బతుకుతావు కాబట్టి అంది.

ఆపరేషనుకు ముందు పాలు ఇంకిపోవాలి. అత్త బజారుకెళ్ళి మల్లెపూలు మూరలు మూరలు తెచ్చి నా రొమ్ముల మీద పరిచి పాత చీరముక్కతో బిగించి కట్టింది. పక్కగదిలో పిల్ల సీసా పాలు ఉమ్మేసి గుక్కపట్టి ఏడుస్తుంటే, నేను పూల వాసనలో ఊపిరాడక ఇక్కడ ఏడ్చాను. మల్లెపూలంటే నాకు ఇప్పటికీ కోపమే. ఎవరైనా తలలో పెట్టబోతే చెయ్యి తోసేస్తాను.

ఇంటికొచ్చాక ఒంటికి నీళ్ళు పోసుకోవచ్చని డాక్టరు చెప్పిన రోజున నేను తడిక చాటుకి వెళ్ళనన్నాను. ఆ చోటు ఎవరికీ చూపించలేను, నేనే చూసుకోలేదు ఇంకా. అత్త వినలేదు. పీట వేసి, నీళ్ళు తోడి, ఎప్పటిలాగే రవికె విప్పించింది. వంగి, బొంతకు వేసిన కుట్టు చూసినట్టు తిప్పి తిప్పి చూసింది. డాక్టరు కుట్లు బాగా ఏసినాడే అంది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు, వీపు రుద్దుతూ కూర్చుంది. చెయ్యి బిగుసుకుపోకుండా వేళ్ళతో గోడ ఎక్కించమని ఆసుపత్రిలో చెప్పారు. అత్త గోడ మీద బొగ్గుతో గీత గీసి, రోజూ దానికి బెత్తెడు పైన ఇంకోటి గీసేది. ఆ గీతను ముట్టుకుంటేగాని నాకు అన్నం పెట్టేది కాదు. కరెంటు పెట్టిన వారాలన్నీ చర్మం మాడి నల్లబడిపోయింది, నీరసంతో పిల్లను ఎత్తుకోలేకపోయాను. మా ఆయన ఎవరితోనూ ఏమీ చెప్పకుండా అన్నీ రాత్రి షిఫ్టులే వేయించుకుని, పగలంతా నన్ను ఆసుపత్రికి తిప్పాడు. నిద్ర ఎప్పుడు పోయేవాడో నాకు తెలియదు. ఆ మనిషికి మాటలు రావని అంతకు ముందు ఎన్నిసార్లు సాధించానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నేను కోలుకుంటున్నాను. అత్తకు మాత్రం కబుర్లు రావడం ఆగిపోయింది. మా వీధిలోనే రెండు పురుళ్ళు జరిగాయి, ఒక్కరూ పిలవలేదు. ఆవిడ చెయ్యి పడబట్టే కోడలి పాలు విరిగి క్యాన్సర్ అయిందని కాలనీలో అనుకుంటున్నారు. పోనీలే, కాళ్ళు చాపి కూర్చోవడం నాకూ కష్టంగానే ఉంది అనేది. పొద్దున్నే అలవాటు కొద్దీ నీళ్ళపొయ్యి వెలిగించి, ఎవరికీ అక్కర్లేని నీళ్ళు కాచేది. అది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఎదురింట్లో ఉయ్యాల్లో వేసే రోజు. మగవాళ్ళంతా బయట, లోపల నలభై మంది ఆడవాళ్ళు. పిలవకపోయినా వెళ్ళాను. ఉయ్యాల పక్కన నిలబడి పైట తీసి, రవికె హుక్కులు విప్పేశాను. దిండులోంచి తీసి నేనే కుక్కుకున్న దూది కింద పడిపోయింది.

"బాగా సూడండి. మాయత్త సెయ్యే నేకపోతే ఈపాటికి మీరందరూ నా పెద్దకార్యం కూడు తినీసి ఉందురు," అన్నాను.

శుభమా అని ఉయ్యాల వేస్తుంటే ఆ మాటా అని ముసలమ్మలు చెవులు మూసుకున్నారు. ఒకామె నన్ను పట్టుకుని తిట్టింది కూడా. తిట్టనీ. మర్నాడు పొద్దున్న ఆ ఇంటి నుంచే అత్తకు కబురొచ్చింది. నన్ను మాత్రం ఆరు నెలలు ఏ పేరంటానికీ పిలవలేదు.

ఆ తర్వాత అత్త నీళ్ళు పోసే పద్ధతి మారింది. బాలింతలకే కాదు, వాళ్ళ తల్లులకీ ఆడపడుచులకీ కూడా పీట మీద కూర్చోబెట్టి నేర్పేది. నెలకోసారి తలకి పోసుకున్న రోజున సబ్బు చేత్తో ఇలా చుట్టూ, చంకదాకా తడుముకోవాలి. ముట్లుడిగిన వాళ్ళు పున్నమి రోజు గుర్తుపెట్టుకోవాలి. నొప్పి ఉంటే వచ్చి చెప్పండి, నొప్పి లేకపోతే పరుగెత్తుకొచ్చి చెప్పండి అనేది. సిగ్గుపడితే నన్ను పిలిచేది, నేను రవికె విప్పేదాన్ని. అలా ఆవిడ ఆసుపత్రికి తోలిన వాళ్ళలో చాలామందికి ఏమీ లేదు, ఊరికే భయపెట్టిందని తిట్టుకున్నారు. క్వార్టర్ల నుంచి వచ్చిన ఒకామెకు మాత్రం ఉంది. ఆమె ఇప్పటికీ చేపలకూర వండితే నాకో గిన్నె పంపుతుంది.

ఐదేళ్ళు నిండాక చేసిన పరీక్షలో ఎక్కడా ఏమీ లేదన్నారు. ఎడమ చెయ్యి వాస్తుంది, బిందె ఎత్తలేను, ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలి. అంతే. నేను బయటికొచ్చేసరికి అత్త బల్ల మీద కూర్చుని ఉంది. సంగతి చెప్పాను. నా గడ్డ దొరికినప్పుడూ, రొమ్ము తీసేసినప్పుడూ, వీధి వెలేసినప్పుడూ ఏడవని మనిషి, ఆ వరండాలో జనం మధ్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఆ రోజు నానన్న మాట తప్పత్తా," అన్నాను. ఆ ముక్క అనడానికి నాకు ఐదేళ్ళు పట్టింది.

"తప్పేటి, నిజమే గదా," అంది ముక్కు తుడుచుకుంటూ. "రేపు నాను పోయాక మీయమ్మ ఎదురొచ్చి, నా పిల్లేదొదినా అని అడుగుద్ది. ఇన్నాళ్ళూ దానికేటి సెప్పాల్రా దేవుడా అని సావంటేనే బయమేసీది. ఇప్పుడు సెప్తాను. ఉందే, నువ్వు పోయిన వయసు దాటీసింది, నీ మనవరాలికి జడేస్తంది అని."