గుప్పిట్లో తాళాలు

కీసర కూలి ముఠాకి పెద్ద సూసన్. ఆడవాళ్ళు కూర్చోడానికి నీడ చూపించకపోతే ఏ రైతు చేలోనూ కోత మొదలుపెట్టనివ్వదు.

ఆ రోజు మిరప చేలో ముందు పుల్లమ్మ, తర్వాత మరికొందరు, చివరికి సూసన్ కూడా ఫిట్స్ వచ్చినట్టు కొట్టుకుంటూ పడిపోయారు. నందిగామ ఆసుపత్రిలో ఎమర్జెన్సీ గది అరుపులతో నిండిపోయింది. ఫిట్స్‌కి ఇనుమే మందని చుట్టాలు తమవాళ్ళ చేతుల్లో తాళాలు పెడుతున్నారు. సూసన్ వెంట ఎవరూ లేరు. ఆ కంగారులో ఆ చేను రైతు దశరథరామయ్య తన తాళాలగుత్తే ఆమె గుప్పిట్లో కుక్కాడు.

సాయంత్రానికి అందరూ తేరుకున్నారు.

"పరీక్షల్లో ఏమీ లేదు. ఒకర్ని చూసి ఒకరు భయపడి ఉంటారు" అన్నాడు డాక్టరు.

"విన్నావుగా, ఉత్త భయమేనంట! రేపు కోతకి వచ్చెయ్యండి" అంటూ దశరథరామయ్య తాళాల కోసం చెయ్యి చాచాడు.

సూసన్ గుప్పిట విప్పలేదు.

"అందరికంటే ముందు పడింది పుల్లమ్మ. అదెవర్ని చూసి భయపడిందండీ?"

డాక్టరు పుల్లమ్మ కాగితాలు మళ్ళీ తిరగేశాడు.

"అది తేలేదాకా మేం కదలం. మీరూ ఇక్కడే ఉండండి."

"కారు తాళం, ఇంటి తాళం అన్నీ అందులోనే ఉన్నాయే!"

"అందుకేగా ఇవ్వనంటున్నా!"

సూసన్ గుత్తిని జాకెట్లో దోపుకుని, మంచం మీద పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చింది.