అధిక మాసం నేను మరువలేదు

2022 అక్టోబరు 24, సోమవారం, సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషాలు. దీపావళి. మా తమ్ముడు పోయి పదమూడో రోజు. సిద్దిపేట బజారంతా పటాకులు కాలుస్తుంటే మా ఇంట్లో ఒక్క దీపం పెట్టలేదు. ఆ చీకటి వరండాలో కూర్చుని నేనొక అబద్ధం చెప్పాను. అది ఇప్పటిదాకా నాలోనే ఉంది. నా కొడుకు శీనుకు తెలియదు. ఎవరికి చెప్పానో ఆమెకు అసలే తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నా సంగతి కొంచెం తెలియాలి, లేకపోతే నేను చేసింది మీకు పొరపాటులాగే కనిపిస్తుంది. నాకు డెబ్బై మూడేళ్లు. తిథులు, తారీకులు నాకు నోటికొస్తాయి. మా వాడలో ఎవరింట్లో సంవత్సరికం వచ్చినా ముందు నన్నే అడిగేవారు. మా పంతులు కొండపాక నుంచి వస్తాడు. ఏ రోజు రావాలో నేను ఫోన్ చేస్తే ఆ రోజు వస్తాడు, మళ్లీ లెక్క చూడడు. ఆమె లెక్క తప్పదు అని పేరు. ఆ పేరు అడ్డం పెట్టుకునే ఈ పని చేశాను.

తమ్ముడు, అతని భార్య సుగుణ, కూతురు మేఘన 2019లో అమెరికా వెళ్లారు. సుగుణ అన్న ఎప్పుడో పెట్టిన దరఖాస్తు మీద పన్నెండేళ్లు ఎదురుచూస్తే ముగ్గురికీ గ్రీన్ కార్డులు వచ్చాయి. సుగుణ అక్కడ ఒక బడి వంటశాలలో పని చేసేది. మూడేళ్లు తిరగకముందే తమ్ముడికి కిడ్నీలు చెడ్డాయి. 2022 ఫిబ్రవరిలో ఒక్కడే నా దగ్గరికి వచ్చాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్. దవాఖానకు నేనే తిప్పాను. ఆగస్టులో డాక్టరు ఇక లాభం లేదన్నాడు. బయటికొచ్చి ఆటో ఎక్కబోతూ తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"సుగుణకు చెప్పకక్కా. చెప్తే పని ఇడిసిపెట్టి ఉరికొస్తది. పిల్ల సదువు ఆగుతది."

చెప్పలేదు. సుగుణ రోజూ ఫోన్ చేసేది. "మంచిగనే ఉన్నడు, రంది వడకు" అనేదాన్ని. అక్టోబరు 12న అతను పోయాడు. ఆమె 13న అక్కడ విమానమెక్కి 15న వచ్చింది. అప్పటికి బూడిద కూడా చల్లారింది.

అన్నీ తెలిసిన నాకు ఆమె మీద కోపమెందుకు? ఇన్నేళ్లలో ఈ ప్రశ్న వేసుకోని రోజు లేదు. ఆమె రాకపోవడానికి నా ఫోను మాటలే కారణమని తెలుసు. అయినా తమ్ముడి కాళ్లు వాచినప్పుడు ఒత్తింది నేను, వాంతులు ఎత్తింది నేను, చివరికి నోట్లో నీళ్లు పోసింది నేను. బొట్టు తీసేసుకుని ఏడుస్తున్నప్పుడు అందరూ పట్టుకున్నది ఆమెను. నన్ను ఎవరూ పట్టుకోలేదు. ఇంత చిన్న విషయం. రాయడానికే సిగ్గుగా ఉంది.

ఆ దీపావళి సాయంత్రం సుగుణ వచ్చి నా పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.

"వదినే, నెలాఖరుకు పోదామని జూస్తున్న. పని వోతది. సంవత్సరికానికి మళ్ల వస్త."

"వచ్చుడు వోవుడేంది? మొగడు వోయిన ఆడిది ఏడాది ఎల్లేదాక దేశం దాటొద్దు."

అట్లా ఏ శాస్త్రంలో ఉందో నేను ఇప్పటికీ చూపలేను.

"కార్డున్నోళ్లు ఏడాది దాటకముందే తిరిగి వోవాలె వదినే. దాటితే అది చెల్లది. మరి సంవత్సరికం ఎప్పుడొస్తది?"

"తిథి ఏటా పదకొండు రోజులు ముందుకొస్తది. అక్టోబరు ఒకటి. నీ గడువు పన్నెండుకు గద? సరిపోతది."

ఆమె వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. "సరే. నువ్వు జెప్పినవంటే అయిపాయె" అంది.

ముప్పైరెండు, ముప్పైమూడు నెలలకొకసారి అధిక మాసం వస్తుంది. 2020లో ఆశ్వయుజం అధికం. కాబట్టి 2023లో మళ్లీ ఒక నెల ఎక్కువ. అట్లాంటి ఏడాది తిథి ముందుకు రాదు, పంతొమ్మిది రోజులు వెనక్కి పోతుంది. సంవత్సరికం అక్టోబరు 31. ఆమె గడువు 12. నోరు తెరవకముందే ఈ రెండు తారీకులూ నాకు తెలుసు.

శ్రావణం అధికంగా వచ్చింది. వాడలో అందరూ అధిక మాసం అంటూనే ఉన్నారు, సుగుణ కూడా విన్నది. అది తన తారీకును జరుపుతుందని ఆమెకు తట్టలేదు. నన్ను నమ్మిన మనిషి తానెందుకు లెక్క చూసుకుంటుంది? అక్టోబరు ఐదుకు టికెట్టు కొనుక్కుంది. మేఘనకని మామిడికాయ తొక్కు డబ్బాకెత్తి, మూత చుట్టూ టేపు వేసింది. వినాయక చవితి వెళ్లిన మూడో రోజు, ఆమె పెట్టె సర్దుతుంటే, నేను నుదురు కొట్టుకున్నాను.

"అయ్యో, అధికం మరిచిన! సంవత్సరికం ముప్పయ్యొకటిన."

ఆమె చేతిలోని చీర పెట్టెలో పెట్టింది. తరువాత మెల్లగా అంది. "శీను చేస్తడు గద వదినే. నేను ఐదున పోత."

అప్పుడైనా సరే అని ఉంటే చాలు. ఇంటికి పెద్దదాన్ని, నా ఒక్క మాట చాలు.

"పో. పాణం వోయేటప్పుడు లేకపోతివి. ఏడాదికి గూడ లేకపోతే ఎవలేమంటరు?"

ఆమె నా వైపు చూడలేదు. డబ్బా టేపు ఊడదీసి, తొక్కు మళ్లీ జాడీలో పోసింది.

సంవత్సరికం బాగా జరిగింది. తరువాత ఆమె కార్డు నిలబెట్టుకోవడానికి హైదరాబాదులోని అమెరికా ఆఫీసుకు పోతే నేనూ వెంట పోయాను. నీ చేతిలో లేని కారణమేదైనా ఉందా అని అడిగారు. మా ఆయన సంవత్సరికం అని చెప్పింది. అది నీ ఇష్టంతో ఉండటమే, కార్డు చెల్లదు అన్నారు. ఆ కారణం నేనేనని అక్కడ నేను చెప్పవలసింది. పక్క కుర్చీలో నేనే కూర్చుని ఉన్నాను.

ఏడాదిగా ఆగిన సుగుణ జీతం ఇక రాదని తేలింది. 2024 ఫిబ్రవరిలో మేఘన కాలేజీ మానేసి ఒక దుకాణంలో పనికి చేరింది. ఏది ఆగొద్దని తమ్ముడు తన చావును దాచుకున్నాడో అదే ఆగింది.

నన్నెవరూ ఏమీ అనలేదు. ముసలిదైంది, మతిమరుపు అన్నారు. తిథులు అడగడం మానేశారు. ఒకామె నా ముందే నవ్వితే సుగుణే కసురుకుంది. "తమ్ముడు వోయిన దుక్కంల మతికి రాలే. వదినెను ఏమనకున్రి." ఇంతకన్నా ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి నా ఇంట్లోనే ఉంది. నా బీపీ గోళీలు ఆమే ఇస్తుంది, మోకాళ్లకు నూనె ఆమే రాస్తుంది. నేను ఆమెను శిక్షించాలనుకున్నానా, నా దగ్గర ఉంచుకోవాలనుకున్నానా? శిక్ష అని రాయడమే నాకు తేలిక. రెండోది నిజమైతే ఇంకా నీచం.

మేఘనకు అక్కడి పౌరసత్వం వచ్చింది. తల్లి కోసం దరఖాస్తు పెట్టింది. పోయిన వారం సుగుణకు వీసా వచ్చింది. నిన్న పొద్దున పంచాంగం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"పయనానికి మంచి రోజు నువ్వే జూడు వదినే. మే పదిహేడు నుంచి మళ్ల అధికమంట. ఈసారి మర్వకు!"

అని నవ్వింది. ఎగతాళి లేదు ఆ నవ్వులో. ఎంత వెతికినా లేదు.

చెబుదామని నోరు తెరిచాను. "మే ఆరు, బుధవారం, బహుళ పంచమి" అన్నాను. సరైన తారీకే. చెబితే నన్ను అసహ్యించుకుంటుందని భయం కాదు. క్షమిస్తుందేమోనని భయం. అది నేను తట్టుకోలేను. అందుకే ఆమెకు చెప్పవలసింది మీకు చెప్పాను. గుండె కొంచెం తేలికైంది. ఆ తేలిక కూడా నాకు న్యాయం కాదు.

పోయినవి ఇవి. పన్నెండేళ్లకు వచ్చిన కార్డు. సుగుణ ఉద్యోగం. రెండున్నరేళ్లు చదివి మేఘన వదిలేసిన చదువు. ఆ 2023 అక్టోబరు ఐదు నుంచి ఈ 2026 మే ఆరు వరకు తల్లీబిడ్డలు కలిసి ఉండవలసిన 944 రోజులు. తమ్ముడు ఆటో దగ్గర అడిగిన ఒక్క కోరిక.

మరిచినవి ఏమీ లేవు.