గింజ కొరికే అప్పడు

మలేషియాలో క్వాలా సెలంగోర్ ఊళ్లో ఉండే అప్పడు బార్లీ గింజ కొరికాడంటే, అది ఏ దేశానిదో చెప్పడమే కాదు, పండించిన రైతుకి ఆ పూట పెళ్లాంతో గొడవైందో లేదో కూడా చెప్పేస్తాడు. వక్కపలుకుల్లా నాలుగు గింజలు ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉంటాయి. ఉగాదికి ఇంట్లో బీరు కాయడానికి ఐదిళ్లవాళ్లు కలిసి జర్మనీ మొలక బార్లీ తెప్పించారు. వేరే సరుకొస్తే పండగ ఎండిపోయినట్టే. బస్తా రాగానే ఆయన పెళ్లాం ఎర్రమ్మ గింజలు డ్రమ్ములో పోసేసి, ఖాళీ బస్తా పెరట్లో పరిచి దానిమీద మిరపకాయలు ఆరబోసింది. “ఏటి మావా, మన సరుకేనా?” అన్నాడు అల్లుడు కృష్ణకుమార్. అప్పడు గింజ కొరికి, కళ్లు మూసుకుని, లేచి పెరట్లోకెళ్లాడు. మిరపకాయలు పక్కకి తోసి, వంగి, రెండుసార్లు తుమ్మి, “జర్మనీదే!” అన్నాడు. అల్లుడు ఆయన కాళ్లమీద పడ్డాడు.

“లెగరా. కొరికితే ఏటి తెలుస్తాది? బస్తా మీద రాసుంది.”