సాంబమూర్తి మూడో మెట్టు

సాంబమూర్తి పిరికివాడు. ఇది ఎవరో అతని వెనకాల అనుకునే మాట కాదు, అతనే ఒప్పుకుంటాడు. పరాయి దేశంలో, టాంపినీస్‌లో పదకొండో అంతస్తులో కాపురం. తడిబట్టలు గుచ్చిన వెదురుగడను వంటింటి కిటికీలోంచి బయటికి తోసి నిలబెట్టే పని ఆ ఇంట్లో అతని భార్య సుమలతదే. అతను చెయ్యడు. గడ జారి కింద ఎవరి నెత్తిమీదో పడినట్టూ, పోలీసులు తలుపు కొట్టినట్టూ ముందే కనిపించేస్తుంది అతనికి.

అలాంటివాడికి కర్రసాము ఎందుకూ అంటే, భయం పోతుందని. ఫిలిప్పీన్స్ వాళ్ళ కర్రసాము. పాసిర్ రిస్ సముద్రపొడ్డున పార్కులో ప్రతి ఆదివారం పొద్దున్నే మాంగ్ ఆదోర్ అనే అరవై ఏళ్ళ ఓడల మెకానిక్ నేర్పేవాడు. మాంగ్ అంటే వాళ్ళ భాషలో పెద్దాయన అని. సాంబమూర్తి చేరి మూడేళ్ళయింది. ఇంట్లో మాత్రం బాడ్మింటన్ అని చెప్పాడు. బాడ్మింటన్ ఆడి వచ్చినవాడి ముంజేతుల మీద వాతలేమిటని సుమలత ఒకటి రెండుసార్లు అడిగింది. "డబుల్స్ కదా," అన్నాడు.

మొదటి మెట్టు హాయిగానే గడిచింది. మూరెడున్నర పేము కర్రతో పన్నెండు దిక్కుల్లో గాలిని కొట్టడం. గాలి తిరిగి కొట్టదు. రెండో మెట్టులో రెండు చేతులా రెండు కర్రలు, ఎదుటివాడి కర్రలకు తగిలిస్తూ చాప అల్లినట్టు తిప్పడం. మన కోలాటం లాంటిదే, పాట ఉండదంతే. అదీ దాటేశాడు. మూడో మెట్టు దగ్గర ఆగిపోయాడు.

మూడో మెట్టంటే నిజంగా కొట్టుకోవడం. నెత్తికి ముఖం మూయని మోటారుసైకిలు హెల్మెట్ ఇస్తారు, చేతులకి ఏమీ ఇవ్వరు. తొడుగులేసుకున్నవాడు బుద్ధి తొడుగులకి అప్పజెప్పేస్తాడంటాడు మాంగ్ ఆదోర్. పైగా ఈ విద్యలో మొదటి పాఠమే అది: మనిషిని కొట్టకు, కర్ర పట్టిన చేతిని కొట్టు. కోర పీకాక పాముతో పనేముంది?

చెయ్యి అనగానే సాంబమూర్తికి వేళ్ళు గుర్తొచ్చేవి. తెనాలిలో టైపు హయ్యరు ఫస్టుక్లాసులో పాసైన పది వేళ్ళు. ఆ వేళ్ళే ఉద్యోగం, ఉద్యోగమే వర్కు పాసు, ఆ పాసు ఉంటేనే ఈ దేశం. ఎదుటివాడి కర్ర లేవగానే అతని చెయ్యి దానంతటది వెనక్కి వెళ్ళిపోయేది. రెండుసార్లు పరీక్షకు నిలబడి రెండుసార్లూ అలాగే తప్పాడు. మూడోసారి కూడా తప్పినవాడు మళ్ళీ మొదటి మెట్టుకి దిగి, ఎనిమిదేళ్ళ పిల్లల వరుసలో నిలబడి గాలిని కొట్టాలి. రాకుండా ఎగ్గొట్టినా తప్పినట్టే లెక్క.

మూడో పరీక్ష ఆ ఆదివారం. మర్నాడు సోమవారం ఇంకో పరీక్ష.

ఆ సంగతి కూడా చెప్పాలి. రెండువేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లన్నీ బోర్లా పడతాయని లోకం వణికిన రోజుల్లో, పాత కోబాల్ ప్రోగ్రాములకు మరమ్మతు చెయ్యడానికి తెచ్చుకున్న మనిషి సాంబమూర్తి. ఆ సంవత్సరం వచ్చింది. ఏమీ పడలేదు. ఇప్పుడందరికీ జావా కావాలి. హైదరాబాదు నుంచి వచ్చే ప్రతి విమానంలోనూ జావా తెలిసిన కుర్రాళ్ళు దిగుతున్నారు. సైన్స్ పార్క్‌లోని అతని కంపెనీ, నెలాఖరుకి ఒప్పందం ముగిసేవాళ్ళందరికీ సోమవారం పరీక్ష పెట్టింది. రెండు గంటలు, మిషను మీద జావాలో ఆరు ప్రోగ్రాములు. గట్టెక్కినవాడు ఉంటాడు, లేనివాడు సామాను సర్దుకుంటాడు.

వేలు విరిగిందా, సోమవారం పోయినట్టే. వాయిదా అడిగితే చదవలేదనుకుంటారని మేనేజరుని అడగలేదు. వాయిదా అడిగితే భయపడ్డాడనుకుంటారని మాంగ్ ఆదోర్‌నీ అడగలేదు.

"నాన్నా, వై యూ సో నెర్వస్? గేమే కదా లా," అంది ఆదివారం పొద్దున్న కూతురు కీర్తిక ఈ ఊరి యాసలో, పాలగ్లాసు మీద నుంచి చూస్తూ.

"నెర్వసేం లేదమ్మా."

"దెన్ వై యూ వేరింగ్ షర్ట్ ఇన్‌సైడ్ అవుట్?"

చొక్కా తిప్పి వేసుకుని రైలెక్కాడు. ఒక్క స్టేషనే. ఆ ఒక్క స్టేషను దూరంలో పది వేళ్ళూ మూడుసార్లు విరుచుకున్నాడు, ఇదే ఆఖరన్నట్టు.

పార్కులో చీటీ తీస్తే అతనికి జోడీగా బాబ్జీ వచ్చాడు. బాబ్జీది శ్రీకాకుళం వైపు. ఓడల యార్డులో వెల్డరు. మణికట్టు సాంబమూర్తి మోచేతంత ఉంటుంది. అతనూ మూడో మెట్టుకే నిలబడ్డాడు, మొదటిసారి.

"ఏటి సార్, అలగ సూస్తన్నారు? నానేటి పులినా?" అన్నాడు బాబ్జీ హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ.

"బాబ్జీ, రేపు నాకు ఆఫీసులో పరీక్షయ్యా. వేళ్ళు కాస్త..."

"ఏళ్ళ మీద కొట్టకపోతే మరేటి కొడతాం సార్? ఇదేటి పేరంటమా?" అని నవ్వి, మళ్ళీ గొంతు తగ్గించాడు. "సూసి కొడతాన్లెండి. మీరు మాత్తరం సెయ్యి ఎనక్కి లాగీకండి. లాగీసినోడికే గట్టిగా తగుల్తాది."

రెండు నిమిషాల ఆట. మాంగ్ ఆదోర్ ఈల వేశాడు.

మొదటి నిమిషమంతా సాంబమూర్తి వెనక్కే నడిచాడు. బాబ్జీ కర్ర గాల్లో కూసిన ప్రతిసారీ ఎముక విరిగినట్టే వినపడింది. వెనక కాంక్రీటు బల్ల తగిలి ఇక వెనక్కి వెళ్ళడానికి చోటు లేకపోయాక, కళ్ళు సగం మూసుకుని అడ్డంగా ఒక్కటి కొట్టాడు. అది బాబ్జీ బొటనవేలి మొదట్లో తగిలింది. కర్ర జారి గడ్డిలో పడింది.

చుట్టూ ఉన్నవాళ్ళు కేక పెట్టారు. ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే, ముందుకి దూకి ఇంకో రెండు దెబ్బలు చూపించడం. అంతటితో మూడో మెట్టు అయిపోయినట్టే. సాంబమూర్తి దూకాడు కూడా. దూకిన కాలు సరిగ్గా పడి ఉన్న కర్ర మీద పడింది.

అంతే. అతని ఒళ్ళు అతన్ని అడగలేదు. చటుక్కున వంగి, తన కర్ర ఎడమచేతికి మార్చుకుని, కుడిచేత్తో ఆ కర్రని తాకి, వేళ్ళు రెండు కళ్ళకీ అద్దుకున్నాడు.

పుస్తకానికి కాలు తగిలినా, చీపురుకి తగిలినా, ఎదుటి మనిషికి తగిలినా చేసే పనే. పోట్లాట మధ్యలో ఉన్నానన్న సంగతి నడుం వంచాక గుర్తొచ్చింది. అరచేయంత దూరంలో బాబ్జీ మోకాళ్ళున్నాయి. వంగిన మెడ, నేల మీద చెయ్యి. తొక్కినా చాలు, నాలుగు వేళ్ళు పోతాయి. సాంబమూర్తి కళ్ళు మూసుకున్నాడు.

ఏమీ జరగలేదు. బాబ్జీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు, దండం పూర్తయ్యేదాకా ఆగుదామని.

మాంగ్ ఆదోర్ ఈల నోట్లోంచి ఊడిపడింది. "నువ్వేంటి, ప్రార్థన చేస్తున్నావా? నువ్వేంటి, బస్సు కోసం నిలబడ్డావా? కొట్టవేం?" అని ఇద్దరివంకా మార్చి మార్చి చూస్తూ ఇంగ్లీషులో అరిచాడు.

"హౌ టు హిట్ మాస్టర్? హీ డూయింగ్ దండం," అన్నాడు బాబ్జీ. తరవాత తెలుగులో, "ఆ టైములో కొడితే కళ్ళు పోవా?"

మాంగ్ ఆదోర్‌కి దండం అంటే ఏమిటో తెలియదు. తెలుసుకునే ఓపికా అప్పుడు లేదు. ఇద్దరూ తప్పినట్టే అన్నాడు. తరవాత, బాబ్జీ ముఖం చూశాడో ఏమో, ఇంకొక్క నిమిషం ఇస్తానన్నాడు. ఈసారి ఏ కారణానికైనా ఆగినవాడు పిల్లల వరుసలోకే.

బాబ్జీ కర్ర తీసుకున్నాడు. బొటనవేలు అప్పుడే నల్లబడుతోంది. ముఖంలో నవ్వు లేదు.

"మీ దండం వల్ల నాను తప్పినాను సార్. ఏటనుకోకండి, ఇప్పుడు మాత్తరం సూడను."

మొదటి దెబ్బ పిడికిలి పక్కనుంచి పోయింది. రెండోది ముంజేతి మీద పడితే భుజం దాకా మంట పాకింది. మూడోది వేళ్ళకే. అది లేవడం చూశాడు. అలవాటుగా అడుగు వెనక్కి వేస్తే సరిగ్గా ఆ కర్ర కొస దిగే చోటే తన చెయ్యి ఉంటుందని, మూడేళ్ళలో మొదటిసారి, కళ్ళతో కొలిచినట్టు కనపడింది. దూరంగా ఉన్నందుకే తగులుతోంది. దగ్గరికి పోతే కర్ర తిప్పే చోటే ఉండదు.

అది ధైర్యం కాదు. వేళ్ళ మీది భయమే అతన్ని ముందుకి తోసింది. బాబ్జీ ఛాతీకి ఛాతీ ఆనించి, ఎడమచేత్తో ఆ లావుపాటి మణికట్టుని కరుచుకుని, ఈల పడేదాకా వదల్లేదు. ఆ పెనుగులాటలో బాబ్జీ కర్ర మొదలు వచ్చి అతని కుడి కంటి కింద ధణేల్మని తగిలింది. దీపం ఆరిపోయినట్టయింది. అయినా వదల్లేదు.

ఈలయ్యాక అందరూ అతని కన్ను చూస్తుంటే, అతను మాత్రం రెండు చేతులూ ముందుకి చాపి ఒక్కొక్క వేలే ముడిచి తెరిచి చూసుకున్నాడు. పదీ ముడుచుకున్నాయి. పదీ తెరుచుకున్నాయి. మాంగ్ ఆదోర్ ఇద్దరికీ నల్లగుడ్డ పట్టీలు కట్టి, "వచ్చేవారం నాలుగో మెట్టు," అన్నాడు.

"కన్ను అలగైపోనాది సార్," అన్నాడు బాబ్జీ తల దించుకుని.

"కన్నుతో టైపు కొట్టంలేవయ్యా."

ఆ మాట తప్పని తెల్లారేసరికి తెలిసింది. కుడికన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఎడమకంట్లోంచి దానికి తోడుగా నీళ్ళు. సైన్స్ పార్క్‌లో పరీక్ష గది గుమ్మం దగ్గర మేనేజరు టియో అతన్ని చూసి వెనక్కి అడుగేశాడు. ఆఫీసులో సాంబమూర్తి పేరు శామ్.

"అయ్యో శామ్! ఇంటికి వెళ్ళు. వచ్చే సోమవారం రాద్దువు గాని, ప్రాబ్లమ్ లేదు లా."

అంత తేలికా? సాంబమూర్తికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. థాంక్యూ అనబోయాడు. నాలిక చివరిదాకా వచ్చింది. ఇంకో ఏడు రోజులు ఇదే భయం, ఇదే చొక్కా తిరగేసి వేసుకోవడం తల్చుకున్నాడు.

"ఇవాళే రాస్తాను," అని వెళ్ళి కూర్చున్నాడు.

తల పక్కకి తిప్పి, తెరని సగం సగం చదువుకుంటూ రాశాడు. వేళ్ళు పరిగెత్తాయి, కన్ను వాటిని అందుకోలేకపోయింది. ఆరింటిలో నాలుగు నడిచాయి. అయిదోది నడిచి మధ్యలో పడిపోయింది. నాలుగు చాలట. శుక్రవారం పిలిచి ఇంకో ఏడాదికి కాగితం చేతిలో పెట్టారు. రెండేళ్ళకి అందుకున్నవాళ్ళూ ఉన్నారు.

కాగితం వచ్చేదాకా అడగకుండా ఆగిన సుమలత, ఆ సాయంత్రం ఇంకా వాపు తగ్గని కన్నుకి ఐసు పెడుతూ, ఇక డబుల్స్ కథ చెల్లదంది. సాంబమూర్తి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ అంతా విని, కరిగిన ఐసు నీళ్ళు పారబోసి వచ్చింది.

"అయితే నాలుగో మెట్టులో ఏముంటుందండీ?"

"కత్తి."

"చెక్కదా, ఇనపదా?"

"అడగలేదు," అన్నాడు సాంబమూర్తి.